ఒక గ్యాలన్ బ్రూయింగ్ కిట్: హైదరాబాద్ ఇంట్లో వాడి చూసి రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఇంట్లో బీరు చేసుకోడానికి అమ్మే ఈ కిట్ బాగుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనొచ్చు. కానీ డబ్బా మీద బీరు గ్లాసు ఫోటో చూసి కొనొద్దు, లోపలున్న థర్మామీటర్, ద్రవంలో చక్కెర ఎంతుందో చూపించే హైడ్రోమీటర్, గ్యాస్‌ని బయటికి మాత్రమే వదిలే ఎయిర్‌లాక్ కోసం కొనండి. డల్లాస్‌లో ఉండే మా బావ వచ్చేటప్పుడు తెచ్చాడు ఇది. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ ఒక గ్యాలన్ కిట్లు ఎవరు అమ్మినా సామాను దాదాపు అదే ఉంటుంది: నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ పట్టే గాజు జగ్గు, రబ్బరు బిరడా, మూడు ముక్కల ఎయిర్‌లాక్, సన్న ట్యూబు, థర్మామీటర్, శానిటైజర్ పొట్లం, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టి పొడి చేసిన బార్లీ), హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు), ఈస్ట్. హైడ్రోమీటర్ కొన్ని కిట్లలో ఉండదు, చూసుకుని తీసుకోండి.

ఇక అందరూ అడిగే మాట. ఇక్కడ ఇంట్లో బీరు చెయ్యొచ్చా అంటే, లేదు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చెయ్యడం నేరం, బీరైనా సారా అయినా అంతే, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి మైక్రోబ్రూవరీలు లైసెన్స్ తీసుకునే నడుపుతున్నాయి. మా బావ సంగతి వేరు, అమెరికాలో 1978లోనే చట్టం మార్చి ఇంట్లో వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికైతే 200 గ్యాలన్ల దాకా పర్మిషన్ ఇచ్చారు. మరి ఇక్కడ ఈ కిట్‌తో ఏం చేస్తాం అంటే, చాలానే చెయ్యొచ్చు. మాల్ట్ ఉడికించి తీపి రసం దాకా తీసి ఈస్ట్ వెయ్యకుండా ఆపెయ్యొచ్చు. హాప్స్ మరిగించి చేదు ఎలా దిగుతుందో చూడొచ్చు. పులియబెట్టడం నేర్చుకోవాలంటే జింజర్ బీర్ ఉంది, పేరులో బీరు ఉన్నా ఆల్కహాల్ అర శాతం లోపు ఆపేస్తే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో అది ఆల్కహాలిక్ బెవరేజ్ కాదు, 2018 రూల్స్‌లో 0.5 శాతం దాటితేనే అలా అన్నారు. ఆ అర శాతం దగ్గర ఆపడానికే హైడ్రోమీటర్ కావాలి.

థర్మామీటర్‌తో మొదలుపెడతా. కొనగానే చెక్ చేసుకోండి. ఐసు ముక్కలు నింపిన నీళ్ళలో పెడితే సున్నా చూపించాలి, అది సులువే. మరిగే నీళ్ళలో పెడితే మాత్రం 100 రాదు, కంగారుపడి రిటర్న్ పెట్టకండి. హైదరాబాద్ సముద్ర మట్టం కంటే 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. 98 చూపిస్తే మీ థర్మామీటర్ నిక్షేపంగా ఉన్నట్టు. ఇంత పట్టింపు ఎందుకంటే మాల్ట్ ఉడికించేటప్పుడు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా రసం మారిపోతుంది. 62-63 దగ్గర పట్టి ఉంచితే ఈస్ట్ తేలిగ్గా తినేసే చక్కెరలు ఎక్కువొస్తాయి, 68-70 అయితే రసం చిక్కగా నోటికి నిండుగా ఉంటుంది, కొత్తవాళ్ళకి 65-67 మధ్య ఒక గంట ఉంచమని అందరూ చెప్పేది అందుకే. బేగంబజార్‌లో కొన్న మందపాటి అడుగున్న స్టీలు గిన్నెలో చేశా, పల్చటి గిన్నె అయితే స్టవ్ కట్టేసిన పది నిమిషాల్లో వేడి జారిపోతుంది, మూత మీద పాత దుప్పటి చుడితే నిలబడుతుంది. వాసన మాత్రం హార్లిక్స్ సీసా మూత తీసినట్టు ఇల్లంతా పట్టేస్తుంది.

గంట అయ్యాక పిండి మొత్తం చక్కెర అయ్యిందో లేదో ఎలా తెలుస్తుంది? కిట్ కాగితంలో ఈ ముక్క లేదు, నాకు నచ్చనిది అదే. మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చాలు. తెల్ల సాసర్‌లో పొట్టు పడకుండా ఒక చెంచా రసం పోసి చుక్క వెయ్యండి, నల్లటి నీలం వస్తే పిండి ఇంకా ఉన్నట్టు, ఇంకో పావుగంట ఉంచాలి, అయోడిన్ రంగు అలాగే ఉంటే పనైపోయినట్టు. ఆ సాసర్‌లోది సింకులో పారబొయ్యండి, పొరపాటున కూడా గిన్నెలో కలపొద్దు. రసం వడకట్టి మరిగించి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మాల్ట్ డ్రింక్‌లా తాగొచ్చు, మా ఇంట్లో ఒక్క పూటలో అయిపోయింది.

ఇప్పుడు హైడ్రోమీటర్, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. గాజు గొట్టం, అడుగున బరువు, లోపల స్కేలు కాగితం. ఉట్టి నీళ్ళలో 1.000 దగ్గర తేలుతుంది, చక్కెర కలిపిన కొద్దీ పైకి లేస్తుంది. మూడున్నర లీటర్లు వచ్చేలా 260 గ్రాముల చక్కెర, 200 గ్రాముల అల్లం, రెండు నిమ్మకాయలు వేస్తే 1.029 దగ్గర నిలుస్తుంది. పులిసే కొద్దీ చక్కెర తగ్గి ఆల్కహాల్ పెరుగుతుంది, అంకె కిందికి దిగుతుంది, మొదటి అంకెలోంచి ఇప్పటి అంకె తీసేసి 131 తో గుణిస్తే ఆల్కహాల్ శాతం. అంటే నాలుగు పాయింట్లు (0.001 ఒక పాయింటు) పడి 1.025 కి వచ్చిందంటే అర శాతం అయిపోయింది. నాలుగే పాయింట్లు! ఇంత చిన్న తేడా చదవాలంటే జాగ్రత్తలు కావాలి. ద్రవం గాజు అంచుల దగ్గర కొంచెం పైకి పాకుతుంది, ఆ అంచు కాదు, మధ్యలో ఉన్న మట్టం చదవాలి. గ్యాస్ బుడగలు గొట్టానికి అతుక్కుని దాన్ని పైకి లేపుతాయి, వేళ్ళతో పట్టుకుని ఒకసారి గిర్రున తిప్పి వదలాలి. అన్నిటికంటే ముఖ్యం వేడి: చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకి సెట్ చేసినవి, మన వంటింట్లో 32 ఉంటే మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది, అంటే మీ లెక్క మొత్తం తినేస్తుంది. మొదటి రీడింగ్, తర్వాతి రీడింగ్ ఒకే వేడి దగ్గర తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

పులియబెట్టడానికి కిట్‌లో ఉన్న ఈస్ట్ వాడకండి, అది ఎండల్లో గంటల్లోనే అర శాతం దాటించేస్తుంది. తొక్క తియ్యని అల్లం తురిమి, నీళ్ళు, చక్కెర కలిపి గాజు సీసాలో పెట్టి రోజూ ఇంకో చెంచా అల్లం, ఇంకో చెంచా చక్కెర వేస్తూ పోతే కొద్దిరోజుల్లో నురగ కడుతుంది, దాన్నే జింజర్ బగ్ అంటారు, తొక్క మీదుండే ఈస్టే ఆ పని చేసేది, అందుకే తొక్క తియ్యకూడదు. ఆ నీళ్ళు కొంచెం జగ్గులో కలిపి ఎయిర్‌లాక్ పెట్టండి. ఎయిర్‌లాక్ గురించి ఒక మాట, ఇది చాలా మంచి వస్తువు, లోపలి గ్యాస్ బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు, కానీ మన ఎండలకి అందులో నీళ్ళు ఆరిపోతాయి, రోజూ చూసి పొయ్యాలి. చీమలకి జగ్గు ఒక పళ్ళెం నీళ్ళలో పెట్టాలి.

కిట్ కాగితం రాసినవాళ్ళు చల్లటి ఊళ్ళో కూర్చుని రాశారు. 18-22 డిగ్రీల సెల్సియస్ గదిలో ఉంచమంటుంది, అంకెలు మాత్రం ఫారెన్‌హీట్‌లో ఇచ్చారు, మనమే మార్చుకోవాలి. మేలో మన హాల్లో ఎక్కడుంటుంది అంత చల్లదనం? జగ్గుని టబ్బులో పెట్టి తడి టవల్ చుట్టి ఫ్యాన్ వేస్తే కొన్ని డిగ్రీలు దిగుతుంది, మనకి ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి ఎయిర్ కూలర్ పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుంది, వానాకాలంలో మాత్రం ఉపయోగం లేదు. బీరు చేసేవాళ్ళకి ఈ వేడి పెద్ద తలనొప్పి, ఏల్ అనే రకం బీరుకి వాడే మామూలు ఈస్ట్ వేడెక్కితే ఘాటైన వాసనలు వదులుతుంది, నార్వే వాళ్ళ క్వైక్ ఈస్ట్‌లో కొన్ని మాత్రం 35 దాటినా శుభ్రంగా పనిచేస్తాయి, మన వాతావరణానికి పుట్టినట్టుంటుంది అని బావతో అంటే "అవును బావా, ఎండాకాలం నేను వాడేది అదే" అన్నాడు.

శానిటైజర్ పొట్లం మంచిదే, కడగక్కర్లేని రకం, కానీ ముందు మురికి తోమి కడిగాకే ఇది వాడాలి, మురికి మీద పోస్తే ఏమీ కాదు. సువాసన ఉండే డిష్‌వాష్ లిక్విడ్‌తో తోమితే ఆ వాసన ప్లాస్టిక్ ట్యూబుకి పట్టుకుని వదలదు. సలసల మరిగే నీళ్ళు గాజు జగ్గులో పొయ్యొద్దు, పగుల్తుంది.

హాప్స్ విషయంలో మాత్రం బాధేసింది. కిట్‌లోవి బాగున్నాయి, అవి అయిపోయాక ఇక్కడే ఆన్‌లైన్‌లో ఒకచోట మళ్ళీ తెప్పిస్తే ఏప్రిల్ ఎండలో మామూలు కొరియర్‌లో పంపారు, కవర్ తెరిస్తే పాత చీజ్ వాసన. హాప్స్ వేడికి, గాలికి పాడైతే అలాగే వస్తుంది, అడిగితే సీల్ బాగానే ఉంది కదా సార్ అన్నారు. మంచి హాప్స్ దొరికితే రెండు గిన్నెల్లో చిటికెడు చిటికెడు వేసి ఒకటి గంట, ఒకటి అయిదు నిమిషాలు మరిగించి రుచి చూడండి, గంట మరిగిందాంట్లో చేదు, అయిదు నిమిషాల దాంట్లో పూల, పళ్ళ వాసన. బీరు రెసిపీల్లో 60 నిమిషాలు, 5 నిమిషాలు అని ఎందుకు రాస్తారో అప్పుడు నాలిక మీద తెలుస్తుంది.

సీసాలు కిట్‌లో రావు. గాజు సీసాలు కొనకండి, గ్యాస్ ఎక్కువైతే పేలతాయి, గాజు ముక్కలు ఎగురుతాయి. కడిగిన సోడా ప్లాస్టిక్ సీసాలు చాలు. జగ్గులో ఒక పాయింటు పడగానే సీసాల్లోకి మార్చి బిగించేస్తా, ఇంకో రెండు పాయింట్లలో వచ్చే గ్యాస్‌కే సీసా రాయిలా గట్టిపడుతుంది, నొక్కి చూసి గట్టిగా అనిపించగానే ఫ్రిజ్‌లోకి. అన్నీ ఒకేసారి కాకుండా ఒకటి తీసి గ్లాసులో గ్యాస్ పోయేదాకా ఉంచి హైడ్రోమీటర్‌తో చూడండి. ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో తాగెయ్యాలి, పిల్లలకి మాత్రం నేను పొయ్యను.

ఆర్డర్ పెట్టేవాళ్ళు డిసెంబర్, జనవరిలో పెట్టుకోండి, హాప్స్ దార్లో ఉడికిపోకుండా వస్తాయి. రాగానే వాటిని ఫ్రీజర్‌లో పెట్టెయ్యండి. హైడ్రోమీటర్ రెండు తెప్పించుకోండి, ఒకటి ఎప్పుడో సింకులో పగులుతుంది.