అనంతపురం ఎర్రనేలల్లో చెనక్కాయా, కందా, రెండూ కలిపా: ఏది మేలు?

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అదీ అదునుకు పడదు. అయినా కొర్ర, సజ్జ, జొన్న పండిన మెట్ట నేలలను చెనక్కాయ (వేరుశనగ) ఆక్రమించింది. చేతికి డబ్బు, పశువుకు కట్టె (కాయలు తీసిన ఎండు చెట్ల మేత) ఒకే పంటలో రావడమే దానికి కారణం. ఇల్లు ఈ పంట మీదే నడుస్తున్నప్పుడు వదులుకోమని చెప్పడం తేలిక కాదు. కానీ లెక్క చూడాలి.

చెనక్కాయకు ఎకరాకు దాదాపు 60 కిలోల విత్తనాలు కావాలి. అంటే 85 నుంచి 90 కిలోల కాయలు ఒలవాలి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు రూ.7,263 చొప్పున చూసినా ఆరు వేలకు పైనే నేలలో పోస్తున్నట్టు. కందికి రెండు, రెండున్నర కిలోలు చాలు, అదే ఏడాది మద్దతు ధర రూ.8,000. వాన మొహం చాటేస్తే ఎవరు ఎక్కువ మునుగుతారో ఇక్కడే తేలిపోతుంది.

చెనక్కాయ దెబ్బతినేది ముఖ్యంగా ఊడలు (పూత తర్వాత కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగేటప్పుడు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మూడు వారాలు వాన లేకపోతే ఎర్రనేల పైపొర గట్టిపడుతుంది. ఊడ మొన నేలకు తగిలి లోపలికి దిగలేక అక్కడే ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత వాన పడినా చెట్టు పచ్చగా కనిపిస్తుందే గానీ కాయ ఉండదు. విత్తిన 45 రోజులకు ఎకరాకు వేసే 200 కిలోల జిప్సం కూడా నేలలో పదును (తడి) లేకుంటే కరగదు, దండగే. కంది తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి అదే బెట్టను తట్టుకుంటుంది.

తెగుళ్ల సంగతికొస్తే, 2000లో కాండం కుళ్లు వైరస్ ఇక్కడ రెండు లక్షల హెక్టార్లకు పైగా చెనక్కాయను దెబ్బతీసింది. వయ్యారిభామ కలుపు పుప్పొడిలోని వైరస్‌ను తామర పురుగులు పైరుకు అంటించాయి. అందుకే పూత రాకముందే గట్ల మీది వయ్యారిభామను పీకేయాలి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయాలి. కందికి ఎండు తెగులు, గొడ్డుమోతు తెగులు ఉన్నాయి. అసలు గండం మాత్రం పూత మీద మబ్బు పట్టినప్పుడు వచ్చే మరుకా పురుగు. పూతను, ఆకును గూడు కట్టి లోపల తినేస్తుంది. గూళ్లు ముదిరాక మందు లోపలికి చేరదు, గూడు కట్టడం మొదలవగానే కొట్టాలి.

జూలై ఆఖరులోపు విత్తే పదును దొరికితే మా ఓటు కలిపి వేసే పద్ధతికే. ఏడు సాళ్లు చెనక్కాయ, ఎనిమిదో సాలు కంది. చెనక్కాయ పోయిన ఏడాది కంది కాస్తయినా ఆదుకుంటుంది, రెండూ నిలిస్తే కట్టె కూడా ఇంటికి వస్తుంది. ఆగస్టులో పదునైతే చెనక్కాయ జోలికి పోకుండా, నెల సగంలోపు కంది ఒక్కటే వేయాలి. ఇంకా ఆలస్యమైతే ఉలవలు. బోరు నుంచో ఫారం పాండ్ (చేలో తవ్విన నీటి కుంట) నుంచో ఒకట్రెండు తడులు ఇవ్వగలిగితేనే చెనక్కాయ ఒక్కటే వేయడానికి ధైర్యం చేయాలి.

కలిపి వేసేవాళ్లు విత్తే ముందే ఊళ్లో మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. చెనక్కాయ పీకాక చేలు ఖాళీ అయ్యాయని పశువులను, గొర్రెలను వదిలేస్తారు. కంది ఇంకా రెండు నెలలు నిలవాలి. ఒక్క చేలోనే కంది ఉంటే కాపాడుకోవడం కష్టం, పక్కపక్క చేలవాళ్లంతా వేస్తే కాపలా తేలికవుతుంది.