స్టార్‌ఫైటర్ డిజైన్ చేద్దామనుకునేవాళ్ళకి బ్లెండర్ ఎలా ఉంటుంది, నా రివ్యూ

3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ మీద రివ్యూలు బోలెడు ఉన్నాయి కానీ ఎక్కువగా క్యారెక్టర్లు, యానిమేషన్ గురించే ఉంటాయి, నేను మాత్రం దీన్ని ఒకే పనికి వాడుతున్నా. ఒక స్పేస్ ఒపేరా కథ రాసుకుంటున్నా, అందులో పాత తరం ఫైటర్ (అంతరిక్ష యుద్ధ నౌక) పేరు డేగ, దాని ప్లేస్‌లోకి రాబోయే కొత్త తరం ఫైటర్ సాళువ. ఈ సాళువని మొదటి గీత నుంచి చివరి రెండర్ (పూర్తయిన బొమ్మ) దాకా బ్లెండర్‌లోనే చేశా, అందుకే ఆ పనికి ఇది ఎంత పనికొస్తుందో అంతవరకే చెప్తా. నాకైతే విపరీతంగా నచ్చింది, కారణం ఏంటంటే ఇందులో ఏ నిర్ణయాన్నైనా చివరి దాకా వాయిదా వేసుకోవచ్చు. ఇంజిన్లు రెండా నాలుగా, కాక్‌పిట్ ముందుకా వెనక్కా, ఇవన్నీ షిప్ సగం అయ్యాక కూడా మార్చుకోవచ్చు. లేని షిప్‌ని డిజైన్ చేసేటప్పుడు దీనికి మించిన సుఖం లేదు, ఎందుకంటే అది ఎలా ఉండాలో మనకే చేస్తూ చేస్తూ తెలుస్తుంది కదా.

ఈ సుఖం అంతా మాడిఫయర్ల వల్లే, అంటే అసలు ఆకారాన్ని ముట్టుకోకుండా దాని పైన వేసే మార్పులు. సగం షిప్ చేస్తే చాలు, మిగతా సగం మిర్రర్ మాడిఫయర్ చూసుకుంటుంది, ఇంజిన్ చుట్టూ ఉండే రేకులు ఒక్కటి చేసి అరే మాడిఫయర్ వేస్తే ఎన్ని కావాలంటే అన్ని, హల్‌లో, అంటే షిప్ ఒంట్లో, గన్ పోర్ట్ కోసం గుంట కావాలంటే ఒక డబ్బా ఆకారం పెట్టి బూలియన్ వేస్తే కోసేస్తుంది, పైగా ఆ డబ్బాని తర్వాత పక్కకి జరిపితే గుంట కూడా దాంతోపాటే జరుగుతుంది. మాడిఫయర్‌ని అప్లై చేయనంత వరకు, అంటే శాశ్వతం చేయనంత వరకు, కింద అసలు మెష్ (ఆకారాన్ని కట్టే వల) అలాగే భద్రంగా ఉంటుంది. అందుకే నా సలహా ఒకటే, అప్లై బటన్ జోలికి వెళ్ళకండి, ఎక్స్‌పోర్ట్ చేసే రోజు వరకు.

సైజు సంగతి మాత్రం మొదటి రోజే తేల్చుకోవాలి. బ్లెండర్ తెరవగానే కనిపించే క్యూబ్ 2 మీటర్లది, అంటే దాదాపు మనిషి ఎత్తు, మొదటి కొలబద్ద అదే. నేను ముందు 1.75 మీటర్ల ఎత్తు మనిషి బొమ్మ ఒకటి, దాని పక్కన 15 మీటర్ల పొడుగు డబ్బా ఒకటి పెట్టా, ఎందుకంటే ఎఫ్-16 పొడుగు దాదాపు అంతే, ఎఫ్-22 దాదాపు 19 మీటర్లు, స్పేస్ షటిల్ ఆర్బిటర్ అయితే 37 మీటర్లు. ఈ మూడూ మనసులో ఉంటే మన షిప్ ఒక్కడు నడిపే ఫైటరా లేక చిన్నపాటి బస్సా అన్నది వెంటనే తెలిసిపోతుంది. చాలామంది డిజైన్లలో కాక్‌పిట్ అద్దం ఎంత పెద్దగా ఉంటుందంటే లోపల మనిషిని కూర్చోబెడితే బొమ్మలా కనిపిస్తాడు, అది షేప్ తప్పు కాదు, కొలత తప్పు. ఇంకోటి, మదర్ షిప్ కూడా అదే ఫైల్‌లో పెట్టేవాళ్ళు క్లిప్ ఎండ్ సెట్టింగ్ పెంచుకోండి, వ్యూపోర్ట్‌లో, అంటే మనం పని చేసే కిటికీలో, అది మామూలుగా 1000 మీటర్ల దగ్గర ఉంటుంది, దాని అవతల ఉన్నవి కనపడవు.

గ్రీజ్ పెన్సిల్ గురించి రెండు ముక్కలు. 3డీ సీన్‌లోనే నేరుగా బొమ్మ గీసుకునే టూల్ ఇది, పక్క నుంచి చూస్తే షిప్ బయటి ఆకారం ఎలా ఉండాలో ముందు దీంతో గీసుకుని, దాని మీద మెష్ కడితే షేప్ దారి తప్పదు.

ఇక అసలు విషయానికి వస్తా. నెక్స్ట్ జెన్ అనగానే అందరూ చేసేది ఇంకో నాలుగు గన్‌లు, ఇంకా వాడిగా ఉన్న ముక్కు, ఎక్కడ పడితే అక్కడ మెరిసే నీలం గీతలు. నాకు అది నచ్చదు. అంతరిక్షంలో గాలి లేదు, లిఫ్ట్ కోసం రెక్కలక్కర్లేదు, మరి రెక్కలు ఎందుకు ఉన్నాయి అని అడిగితే షిప్ జవాబు చెప్పగలగాలి. సాళువ చెప్పే జవాబు వేడి. శూన్యంలో వేడి పోవాలంటే రేడియేషన్, అంటే కిరణాలుగా వదలడం, దాదాపు ఒక్కటే దారి, స్పేస్ షటిల్ రేడియేటర్లు (వేడి వదిలే పలకలు) పేలోడ్ బే (సరుకు పెట్టే గది) తలుపుల లోపలి వైపున ఉండేవి, కక్ష్యలోకి వెళ్ళగానే ఆ తలుపులు తెరవాల్సిందే, లేకపోతే ఎక్కువసేపు చల్లగా ఉండే దారి లేదు. ఒక పూర్తి నల్లని పలక 300 కెల్విన్ దగ్గర చదరపు మీటరుకి ఒక వైపు నుంచి దాదాపు 460 వాట్లు మాత్రమే వదులుతుంది, అదే 1000 కెల్విన్ దగ్గర దాదాపు 57 కిలోవాట్లు, ఎందుకంటే ఉష్ణోగ్రత రెట్టింపు అయితే వదిలే వేడి 16 రెట్లు అవుతుంది. నా షిప్ రియాక్టర్ 10 మెగావాట్ల వేడి బయటికి తోయాలి అనుకున్నా, 1000 కెల్విన్ పలకలు రెండు వైపులా వదిలితే దాదాపు 88 చదరపు మీటర్లు కావాలి, అంటే ఒక్కోటి 22 చదరపు మీటర్ల చొప్పున నాలుగు రెక్కలు. అలా వచ్చాయి ఆ నాలుగు రెక్కలు, అందం కోసం పెట్టినవి కావు, కానీ చూస్తే అందంగానే ఉన్నాయి.

ఇక్కడ బ్లెండర్ ఎలా సాయం చేసిందో చెప్పాలి, ఎందుకంటే ఇది వేడి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ కాదు, ఆ లెక్క మనమే చేసుకోవాలి. కానీ 3డీ ప్రింట్ టూల్‌బాక్స్ అని ఒక ఎక్స్‌టెన్షన్ (అదనంగా జోడించుకునే టూల్) ఉంది, అది మెష్ ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం రెండూ చెప్తుంది, రెక్క షేప్ మార్చిన ప్రతిసారీ నొక్కి చూసుకుంటే అయిపోయింది. రెండు వైపులూ కలిపి చెప్తుంది కాబట్టి లెక్కలో ఆ సంగతి గుర్తుంచుకోండి. మెటీరియల్‌లో బ్లాక్‌బాడీ అనే నోడ్ (మెటీరియల్‌ని కట్టే ఒక చిన్న డబ్బా) ఉంది, దానికి 1000 అని ఇస్తే ఆ కెల్విన్‌కి తగ్గ ఎరుపు రంగు అదే ఇస్తుంది, వెలుగు ఎంత అన్నది మాత్రం మనమే పెట్టాలి. లెక్కలో వచ్చిన అంకె నేరుగా రంగుగా మారి రెక్క మీద కనిపించినప్పుడు నాకు కలిగిన ఆనందం వేరే, యుద్ధం మొదలైతే రెక్కలు ఎర్రబడతాయి, శాంతంగా ఉంటే నల్లగా ఉంటాయి, కథకి కూడా ఒక మంచి గుర్తు దొరికింది.

తిరగడం కూడా అంతే. గాలి లేని చోట ఫైటర్ విమానంలా వంగి మలుపు తీసుకోదు, చిన్న థ్రస్టర్లతో తిరగాలి, షటిల్‌కి ఇలాంటివి 44 ఉండేవి, 38 పెద్దవి, 6 చిన్నవి. అవి బరువు కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే అంత తేలిగ్గా తిప్పుతాయి కాబట్టి సాళువలో ముక్కు దగ్గర, రెక్కల చివర పెట్టా. ఒక్కో చోట ఎంప్టీ అనే ఖాళీ గుర్తు పెట్టి థ్రస్టర్ మోడల్‌ని ఇన్‌స్టెన్స్‌గా (అసలుకి ముడిపడిన నకలుగా) తగిలిస్తే ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. రెక్కలు హ్యాంగర్‌లోకి వెళ్ళేటప్పుడు మడవాలి కదా, దానికి డ్రైవర్లు (ఒక విలువతో ఇంకోదాన్ని కదిలించే ఏర్పాటు) వాడా, ఒక్క స్లైడర్ జరిపితే నాలుగు రెక్కలూ కలిసి మడుచుకుంటాయి, ఎక్కడ ఒకదానికొకటి తగులుతున్నాయో కళ్ళ ముందే కనిపిస్తుంది. కాగితం మీద గీసిన డిజైన్‌లో ఇది తెలియడం చాలా కష్టం.

అదే ఫైల్‌లో డేగని కూడా పక్కనే పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని. కొత్త తరం అన్నది పాత తరం పక్కన నిలబడితేనే కొత్తగా కనిపిస్తుంది. కాక్‌పిట్‌ని ఒక కలెక్షన్‌గా (వస్తువుల గుంపుగా) చేసి రెండు షిప్‌లకీ అదే లింక్ చేశా, ఎందుకంటే ఏ సైన్యమైనా పని చేస్తున్న భాగాన్ని ఊరికే పారేయదు. డేగకి రేడియేటర్లు చిన్నవి, అందుకే ఎక్కువసేపు పోరాడటం దాని వల్ల కాదు, సాళువ దాని లోపాన్ని సరిచేయడానికి పుట్టింది అని చూడగానే తెలియాలి.

ఇప్పుడు బాగోలేనివి. బూలియన్లు ఎక్కువైతే హల్ మీద షేడింగ్ మచ్చలు పడతాయి, కోసిన అంచు మీద బెవెల్ (అంచు వాడి తగ్గించడం) సరిగ్గా కూర్చోదు, వెయిటెడ్ నార్మల్ అనే షేడింగ్ సరిచేసే మాడిఫయర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. క్యాడ్ (ఇంజినీరింగ్ డిజైన్) సాఫ్ట్‌వేర్‌లో ఫిల్లెట్, అంటే గుండ్రటి అంచు, ఎంత శుభ్రంగా వస్తుందో ఇక్కడ అంత రాదు, పాలిగాన్ మోడలింగ్ స్వభావమే అది. మాడిఫయర్ల వరుస మారితే ఫలితం మొత్తం మారిపోతుంది, మిర్రర్ ముందా బూలియన్ ముందా అన్నది అలవాటయ్యే దాకా తలనొప్పే. వెర్షన్ల గొడవ ఇంకోటి, పాత ట్యుటోరియల్స్‌లో చూపించే ఆటో స్మూత్ (ఉపరితలాన్ని నున్నగా చూపించే) ఆప్షన్ 4.1 వెర్షన్ నుంచి ఆ చోట ఉండదు, మాడిఫయర్‌గా మారింది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాని కోసం వెతికి వెతికి విసిగిపోతారు. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో ఎమ్యులేట్ నంప్యాడ్ ఆన్ చేసుకోండి.

రెండరింగ్ మీద నాకు ఫిర్యాదు లేదు. సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్‌కి మంచి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే చాలా ఓపిక కావాలి, డిజైన్ దశలో ఈవీ అనే వేగమైన ఇంజిన్ చాలు. అంతరిక్షం లైటింగ్ చాలా సింపుల్, బ్యాక్‌గ్రౌండ్ నలుపు, ఒక్క సన్ లైట్, దాని యాంగిల్ మామూలుగా అర డిగ్రీ దగ్గర ఉంటుంది, భూమి నుంచి చూస్తే సూర్యుడి సైజు కూడా దాదాపు అంతే. మీ కథలో నక్షత్రం దగ్గరగా ఉంటే యాంగిల్ పెంచండి, నీడల అంచులు మెత్తబడతాయి. ఫిల్ లైట్లు (నీడల్ని తగ్గించే అదనపు లైట్లు) ఎక్కువ పెడితే స్టూడియోలో తీసిన బొమ్మలా అయిపోతుంది. 4.0 నుంచి ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రెండర్ రంగుల్ని స్క్రీన్‌కి తగ్గట్టు మార్చేది) డీఫాల్ట్‌గా వస్తోంది, ఇంజిన్ మంట బాగా ప్రకాశవంతంగా ఉన్నా రంగు ఎబ్బెట్టుగా మారకుండా మెల్లగా తెల్లబడుతుంది, స్టార్‌ఫైటర్లు చేసేవాళ్ళకి ఇది పెద్ద వరం.

డబ్బు విషయం, ఇది పూర్తిగా ఉచితం, 2002లో జనం లక్ష యూరోలు పోగేసి దీన్ని ఓపెన్ సోర్స్ చేయించుకున్నారు, అప్పటి నుంచి అలాగే ఉంది. జీపీఎల్ అనే దాని ఓపెన్ సోర్స్ లైసెన్స్ సాఫ్ట్‌వేర్‌కే, మీరు చేసిన షిప్‌కి కాదు, దాన్ని పుస్తకం కవర్ మీద వేసుకున్నా, గేమ్‌లో పెట్టి అమ్ముకున్నా హక్కు మొత్తం మీదే. గేమ్ ఇంజిన్‌లోకి తీసుకెళ్ళేవాళ్ళు జీఎల్‌టీఎఫ్ అనే ఫైల్ రకంలో ఎక్స్‌పోర్ట్ చేయండి, అప్పుడు మాత్రం ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని ఆ కాపీలోనే మాడిఫయర్లు అప్లై చేయండి.