గడ్డిబొమ్మకు పది మార్కులు, కరపత్రానికి సున్నా

మనిషికి 85 పౌండ్లు, ఇద్దరికి 170. అత్తమ్మకు ఈ లెక్క చెప్పలేదు. చెప్తే కారెక్కేది కాదు.

మేం బ్రిస్టల్‌లో ఉంటాం. సోమర్సెట్‌లో గ్లాస్టన్‌బరీకి కాస్త ఇవతల ఒక చిన్న ఫార్మ్‌లో "శరద్విషువత్తు రోజు" అని వర్క్‌షాప్ పెడతారు. శరత్కాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజన్నమాట. పొద్దున గోధుమగడ్డితో కార్న్ డాలీ అల్లడం, మధ్యాహ్నం వంట, సాయంత్రం పేగన్ పద్ధతిలో, అంటే ప్రకృతినీ క్రైస్తవానికి ముందటి దేవతలనూ కొలిచేవాళ్ల పద్ధతిలో పూజ. 2025 సెప్టెంబర్ 21న, ఆదివారం వెళ్లొచ్చాం. అసలు విషువత్తు మర్నాడు సాయంత్రం 7.19కి. కానీ సోమవారం ఎవరొస్తారు? మన దగ్గర పండుగలు తిథి చూసుకుని వస్తాయి, ఇక్కడ సెలవు చూసుకుని వస్తాయి. వెళ్లాలా వద్దా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నా. ఫార్మ్ పేరు మాత్రం రాయను. అనాల్సినవి కొన్ని ఉన్నాయి, వాళ్లేమో నలుగురు మనుషులతో నడుపుకుంటున్నారు.

అత్తమ్మది వరంగల్ దిక్కు. ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఆ ఆదివారం పెత్రమాస. ఊళ్లో ఉంటే పొద్దున్నే తలస్నానం చేసి, అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేది. ఇక్కడ ఇద్దామంటే అయ్యగారు లేడు, పేర్చుదామంటే తంగేడు లేదు. దారిలో ఒకచోట గోల్డెన్‌రాడ్ పచ్చగా విరగబూసి ఉంటే "ఆపు బిడ్డా" అంది. ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ ఆపనియ్యరు అత్తమ్మా అన్నా. ఆ తర్వాత ఫార్మ్ వచ్చేదాకా నోరు విప్పలేదు.

ముందు గడ్డి సంగతి. ఈ ఒక్కదాని కోసం వెళ్లినా డబ్బు దండగ కాదు.

కార్న్ అనగానే మక్కజొన్న అనుకోకండి. ఇంగ్లండ్ పల్లెల్లో ఆ మాటకు అర్థం ధాన్యం, ఎక్కువగా గోధుమ. డాలీ అన్నారని కాళ్లూ చేతులూ ఉన్న బొమ్మనీ ఊహించుకోవద్దు. చాలావాటికి ముఖమే ఉండదు, మెలికలు తిరిగిన అల్లిక, చివర వెన్నులు వేలాడుతూ ఉంటాయి. కోతలో ఆఖరున మిగిలిన పనతో దాన్ని అల్లి, చలికాలమంతా ఇంట్లో వేలాడదీసి, వసంతంలో మొదటి చాలులో పెట్టి దున్నేవాళ్లట. పంట ప్రాణం అందులో తలదాచుకుంటుందని నమ్మకం.

నేర్పినావిడకు డెబ్బై ఉంటాయేమో. మాటలు తక్కువ, చేయి ఎక్కువ. గడ్డి ఏదైనా పనికిరాదని మొదటే చెప్పింది. ఇప్పటి గోధుమ రకాలు పొట్టివి, కాడ లోపల బెండు ఉంటుంది, పైగా కంబైన్ హార్వెస్టర్ నలిపి పారేస్తుంది. ఆమె తెచ్చింది మారిస్ విడ్జన్ అనే పాత రకం. పొడుగు కాడ, లోపల బోలు. ఇళ్ల పైకప్పులకు గడ్డి కప్పేవాళ్ల కోసం కొందరు రైతులు ఇంకా వేస్తున్నారు. అందులోనూ వెన్ను నుంచి మొదటి కణుపు దాకా ఉన్న ముక్కే తీసుకోవాలి. దాన్ని నానబెట్టి, తడి తువ్వాలులో చుట్టి ఉంచింది. ఆరితే పుటుక్కున విరుగుతుంది. నాకు రెండుసార్లు విరిగింది.

ఐదు కాడలు వెన్నుల కింద దారంతో గట్టిగా కట్టి, నాలుగు దిక్కులకు పరచాలి. ఒక దిక్కున మాత్రం రెండు. ఆ జతలోంచి ఒకటి తీసి పక్క రెండిటి మీదుగా వేస్తే, అది పడ్డచోట కొత్త జత తయారవుతుంది. మళ్లీ అందులోంచి ఒకటి. అంతే, ఇంకేమీ లేదు. కాడను కాస్త బయటికి వేస్తూ పోతే అల్లిక బుడ్డిలా లావెక్కుతుంది, లోపలికి వేస్తే సన్నబడుతుంది. కాడ అయిపోతే కొత్త కాడ సన్నటి కొసను పాతదాని బోలులోకి దూర్చడమే. అతుకు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది గానీ కంటికి కనబడదు. ఆ దూర్చే క్షణంలో చిన్న చప్పుడు వస్తుంది. గదిలో పన్నెండు మందిమి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం.

అత్తమ్మ కాసేపు చూసి "గింతేనా?" అంది. చిన్నప్పుడు వరిగడ్డితో వెంట్లు పేనిన చేయి. పావుగంటలో జానెడు అల్లేసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఒకసారి ఆవిడ అత్తమ్మ అల్లికను అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు తిరిగి "ఇదివరకు చేసిందా?" అని అడిగింది. గోధుమతో కాదు, వరితో తాళ్లు పేనిందని చెప్పా. అయితే నేర్పక్కర్లేదని మొదటే చెప్పాల్సింది అంది. నా అల్లికను మాత్రం తిప్పి చూడలేదు.

మధ్యాహ్నం తిండికి గుమ్మడి జాతిది, బటర్‌నట్ స్క్వాష్ సూప్ పెట్టారు. పైన వెన్నలో కరకరలాడేలా వేయించిన సేజ్ ఆకులు. చప్పగా ఉంటుందని భయపడ్డాం గానీ ఆ ఆకులు నిలబెట్టాయి. శాకాహారులమని బుక్ చేసేటప్పుడు రాశాం, మాకు విడిగా ఉంచారు.

అసలు చిక్కు వంట తరగతిలో వచ్చింది. గోధుమపన ఆకారంలో రొట్టె చేయించారు. గట్టి పిండిని సన్నటి తాళ్లలా పేని కాడలుగా పేర్చి, పైన ముద్దలు పెట్టి కత్తెరతో గాట్లు పెడితే వెన్నులు. పక్కన పిండితోనే ఒక చిట్టెలుక కూడా ఉండాలి, అది ఆనవాయితీ. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇది నిదానంగా, చాలాసేపు కాలాల్సిన రొట్టె. పన్నెండు మందికి రెండు ఓవెన్లు, చేతిలో గంటన్నర. మాది నలభై నిమిషాలకే బయటికి తీసి సంచిలో పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి కోస్తే మధ్యలో పిండి పిండే. ఎలుక ఒక్కటే బాగా కాలింది, అది మా చిన్నోడు తినేశాడు. 85 పౌండ్లు తీసుకునేవాళ్లు ఇంకో ఓవెన్ అద్దెకు తేలేరా?

క్రంబుల్ మాత్రం కుదిరింది. పళ్ల మీద వెన్న కలిపిన పిండి పొడిలా చల్లి కాల్చే తీపి వంటకం అది. చల్లటి వెన్నను పిండిలో వేలికొసలతో నలపాలి, అరచెయ్యి తగిలితే వేడికి కరిగి ముద్దవుతుంది. ఆపిళ్లు బ్రామ్లీవి. పచ్చిగా తింటే పళ్లు పులుస్తాయి గానీ ఉడికితే దూదిలా విచ్చుకుంటాయి. 1809లో నాటింగ్‌హమ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే చిన్నపిల్ల నాటిన గింజ నుంచి వచ్చిన చెట్టే దీనికి మూలమట. వాటిలోకి బ్లాక్‌బెర్రీలు కంచె మీంచి మేమే కోసుకొచ్చాం. సెప్టెంబర్ 29, సెయింట్ మైకేల్ పండుగ దాటాక వీటిని కోయకూడదంటారు ఇక్కడివాళ్లు. స్వర్గం నుంచి తోసేసిన సైతాను ఆ ముళ్లకంప మీదే పడ్డాడట, ఆ కోపంతో ఏటా ఆ రోజు పళ్ల మీద ఉమ్మేస్తాడట. ఇది అత్తమ్మకు చెప్తే చేతిలో ఉన్న పండును ఒకసారి చొక్కాకు తుడిచి నోట్లో వేసుకుంది. ఇంకా ఎనిమిది రోజులుంది కదా అంది.

ఇక కరపత్రం. నాలుగు రంగుల్లో అచ్చేసి చేతిలో పెట్టారు: "మేబన్, 5 వేల ఏళ్ల కెల్టిక్ పండుగ." కాదు. మేబన్ అనేది వేల్స్ పాత కథల్లో ఒక పాత్ర పేరు. ఆ కథలో విషువత్తు ఊసే లేదు. ఆ పేరును ఈ పండుగకు పెట్టింది ఐడన్ కెల్లీ అనే పేగన్ రచయిత, అదీ అమెరికాలో, 1970ల్లో. ఏడాదిని ఎనిమిది పండుగల చక్రంగా అమర్చుకోవడం కూడా 1950ల్లో, విక్కా అనే పేగన్ శాఖను వ్యాప్తి చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్, ఆయన మిత్రుడు రాస్ నికల్స్ వంటివాళ్ల చుట్టూ కుదిరిందే. చర్చిల్లో గోధుమపన రొట్టె పెట్టి చేసే ఇప్పటి పంట పండుగ సైతం 1843లో కార్న్‌వాల్‌లో రాబర్ట్ హాకర్ అనే పాదిరి మొదలుపెట్టిన పద్ధతే.

కొత్తదైతే తప్పేముంది? 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 74 వేల మంది మా మతం పేగన్ అని రాసుకున్నారు, మరో 13 వేల మంది విక్కా అని. ఇంతమంది మనసారా చేసుకుంటున్నదానికి వయసు పెంచి చెప్పాల్సిన ఖర్మేంటి? పెళ్లి సంబంధాల్లో వయసు తగ్గించి చెప్పేవాళ్లను చూశాం, ఇక్కడ ఎక్కించి చెప్తున్నారు.

పూజ చేయించిన అమ్మాయిని ఇదే అడిగా. ఆమె నవ్వి, "అవును, మా అమ్మ వయసు కూడా ఉండదు ఆ పేరుకి. కరపత్రం నేను రాయలేదు" అంది. అక్కడే ఆమె మీద గౌరవం కలిగింది. ఇంకో మాట కూడా అడగాల్సింది గానీ ఊరుకున్నా. రోజంతా "ఈ నేల, ఈ రుతువు" అని చెప్పి, ధూపానికి తెల్ల సేజ్ వెలిగించారు. అది కాలిఫోర్నియా దిక్కు మొక్క. కంచె పక్కనే రోజ్‌మేరీ గుబురుగా ఉంది.

నాలుగున్నరకు పొలంలో వలయంగా నిలబెట్టారు. చల్లగాలి కోసేస్తోంది. తూర్పుకు తిరిగి గాలిని, దక్షిణానికి అగ్నిని, పడమరకు నీళ్లను, ఉత్తరానికి భూమిని పిలిచారు. అత్తమ్మ నా కంటే ముందే తిరుగుతూ ప్రతి దిక్కుకూ దండం పెట్టింది. ఆమెకు వివరించాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఒక ఆపిల్‌ను నిలువునా కాకుండా అడ్డంగా కోసి చూపించారు, మధ్యలో గింజల అరలు ఐదు కోణాల నక్షత్రంలా ఉన్నాయి. ఇన్నేళ్లు తింటూ ఒక్కసారి కూడా అలా కోయలేదు నేను. తలా ఒక ముక్క తిని, సైడర్ కొంచెం నేల మీద పోయాలి. మందు ముట్టనివాళ్లకు ఆపిల్ రసం ఇచ్చారు.

అందరూ గ్లాసు వంచి పోశారు. అత్తమ్మ చెప్పులు విడిచి, రసాన్ని ఎడమచేత్తో కుడి అరచేతిలోకి వంపుకుని, బొటనవేలి పక్క నుంచి ధారగా వదిలింది. మూడుసార్లు. మామయ్య బతికున్నన్నాళ్లూ ఏటా పెత్రమాసకు అట్లనే వదిలేవాడు. ఆయన పోయి మూడేళ్లు. ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ ఏం పేర్లు చెప్పిందో వినబడలేదు.

పూజ అమ్మాయి తర్వాత వచ్చి అదేమిటని మెల్లగా అడిగింది. పోయినవాళ్లకు, ఇవాళ వాళ్ల రోజు అని చెప్పా. మాకు ఆ రోజు అక్టోబర్ 31న వస్తుంది, సావిన్ రాత్రి అంది. అత్తమ్మకు అది చెప్తే, "మంచిది, యాది చేస్తరన్నట్టు" అంది. తిరుగు ప్రయాణంలో బ్రిస్టల్ దాకా మాట్లాడుతూనే ఉంది.

వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు. గమ్ బూట్లు తప్పనిసరి, పార్కింగ్ అంతా బురద. బస్సు లేదు. రొట్టె మీద గుడ్డు పూస్తారు, తిననివాళ్లు ముందే చెప్పాలి, పాలు పూసి ఇస్తారు. పచ్చిగా ఉందనిపిస్తే మొహమాటపడకుండా ఇంకాసేపు ఓవెన్‌లో ఉంచమనండి. గడ్డి అల్లే తరగతి ఒక్కటే అయితే 40 పౌండ్లట, బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున ఉంది. నాకు ఆలస్యంగా కనబడింది.

అత్తమ్మ నవంబర్‌లో ఊరెళ్లిపోయింది. ఆమె అల్లిన బొమ్మ మా వంటింట్లో కిటికీకి వేలాడుతోంది, నాది లోపల సొరుగులో ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా రెండు ప్రశ్నలు: ఎలుకలు కొట్టలేదు కదా, ఎండాకాలం రాంగనే ఏ కుండీల పెడ్తవు?