ఎక్స్‌టర్నల్ 56కె మోడెమ్: బందరు ఫోన్ లైన్ మీద ఏళ్ళ తరబడి వాడాక

మోడెమ్ అంటే ఫోన్ లైను మీదుగా కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే డబ్బా. ముందే ఒక మాట. ఈ మోడెమ్‌ని నేను వాడింది ఎక్కువగా ఫైళ్ళు పంపడానికే గానీ దించుకోవడానికి కాదు. బందరులో ఇంటి దగ్గరే డీటీపీ చేసేవాణ్ణి. విజయవాడ ఏలూరు రోడ్డులో ఉన్న పబ్లిషర్లకు గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసి ఇవ్వడం పని. అంతకుముందు ఫ్లాపీలు కవర్లో పెట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చేవాళ్ళం. సాయంత్రానికి అవతల నుంచి ఫోను: "మిగతావి వచ్చాయండీ, నాలుగో ఫ్లాపీ ఓపెన్ అవట్లేదు." ఆ ఒక్కదాని కోసం మళ్ళీ ఇంకో బస్సు. అందుకని ఈ సమీక్షంతా పంపేవాడి వైపు నుంచే ఉంటుంది. పాటలు దించుకున్నవాళ్ళ లెక్క వేరేగా ఉండొచ్చు.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది గానీ, మాలాంటి ఊళ్ళో లోకల్ కాల్ ఖర్చుతో కనెక్షన్ దొరకడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అది దొరికాకే ఈ మోడెమ్ కొన్నాను. 2005 తర్వాత బ్రాడ్‌బ్యాండ్ మా వీధిదాకా వచ్చేవరకూ ఇదే దిక్కు. వీ.90 రకం, అంటే 56కె మోడెమ్‌లకి పెట్టిన ప్రమాణం. సీరియల్ కేబుల్, విడిగా అడాప్టరు, లోపల రాక్‌వెల్ చిప్పు. రాక్‌వెల్‌లోని ఆ విభాగమే 1999లో విడిపోయి కోనెక్సెంట్ అయింది. పైన ఏ కంపెనీ పేరున్నా లోపల ఈ చిప్పే ఉన్న మోడెమ్‌లు అప్పట్లో బోలెడు ఉండేవి కాబట్టి నేను చెప్పేది వాటిలో చాలావాటికి సరిపోతుంది.

అట్టపెట్టె మీద 56కె అని, అంటే సెకనుకు 56,000 బిట్లు అని, పెద్దక్షరాల్లో ఉంటుంది. పంపేవాడికి ఆ అంకెతో పనిలేదు. ఎక్స్‌చేంజి ఫోన్‌లోని శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. అంటే 64,000 బిట్లు. అందులో మోడెమ్ నమ్మి వాడుకోగలిగింది ఏడేసి బిట్లు, అదే 56,000. అయితే ఇది కనెక్షన్ ఇచ్చేవాళ్ళ వైపు నుంచి మనకు వచ్చే దారికే వర్తిస్తుంది, ఎందుకంటే వాళ్ళ పరికరం ఎక్స్‌చేంజికి నేరుగా డిజిటల్‌గా కలిసి ఉంటుంది. మన మోడెమ్ పంపేది మామూలు అనలాగ్ శబ్దమే. దాన్ని ఎక్స్‌చేంజి కొలిచేటప్పుడు కొంత తేడా పడక తప్పదు. అందుకే వీ.90లో కూడా పంపే వేగం 33,600 దాటదు. 2000లో వచ్చిన వీ.92 దీన్ని 48,000కి పెంచింది గానీ, అవతలివాళ్ళ దగ్గర కూడా అది ఉంటేనే ఉపయోగం.

28,800 వేగంతో 1 ఎంబీ జిప్ ఫైలు వెళ్ళడానికి ఐదు నిమిషాలు దాటుతుంది. దాన్నే మెయిల్‌కి తగిలిస్తే, మెయిల్ ప్రోగ్రాం ఫైలును అక్షరాలుగా మారుస్తుంది కాబట్టి సైజు మూడో వంతు పెరుగుతుంది. మోడెమ్‌లో ఉండే వీ.42బిస్ కంప్రెషన్ ఆ పెరిగిన దాంట్లో కొంత మళ్ళీ తగ్గిస్తుంది. ఇవన్నీ పోను, అసలు తలనొప్పి వేరే ఉంది. మెయిల్ తొంభై శాతం వెళ్ళాక లైను తెగితే మళ్ళీ మొదటినుంచీ పంపాల్సిందే. ఆగిన చోటు నుంచి మొదలుపెట్టే వీలు మెయిల్‌లో లేదు. కాబట్టి నాకు కావలసింది వేగం కాదు, తెగకుండా నిలబడే లైను. మోడెమ్‌కి మార్కులు వేసేది కూడా ఆ లెక్కనే.

దీనికంటే ముందు కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఇంటర్నల్ మోడెమ్ కార్డు ఉండేది. ఎక్స్‌టర్నల్ దాంతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ ధర. ఇంటర్నల్ కార్డుల్లో చాలావరకు విన్‌మోడెమ్‌లు, అంటే మోడెమ్ చేయాల్సిన పనిలో సగం కంప్యూటర్ ప్రాసెసర్ చేసి పెడుతుంది. ఒకపక్క మెయిల్ వెళ్తుండగా ఇంకోపక్క పేజ్‌మేకర్‌లో ప్రింట్ ఫైల్ కొడితే లైను ఠక్కున తెగేది. ఎక్స్‌టర్నల్‌కి ఆ బాధ లేదు, దాని పని అదే చేసుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వేడెక్కి బిగుసుకుపోయినప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ చేయక్కర్లేదు, మోడెమ్ వెనక స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే చాలు. నిజానికి ఈ వేడెక్కడం దీనికున్న లోపమే. ఏప్రిల్, మే నెలల్లో పుస్తకాల మీద పెట్టకుండా గాలి తగిలే చోట పెట్టాల్సి వచ్చేది.

ఎక్కువ డబ్బు పెట్టినందుకు నాకు నిజంగా దక్కింది ముందువైపు ఉండే ఎర్ర లైట్లు. తప్పు ఎక్కడుందో వాటిని చూస్తే తెలిసిపోయేది. ఎంఆర్ అంటే మోడెమ్‌కి కరెంటు ఉంది, సిద్ధంగా ఉంది. టీఆర్ వెలగకపోతే కంప్యూటర్ వైపు కేబులో, పోర్టో చూసుకోవాలి. ఓహెచ్ అంటే ఫోను ఎత్తింది. సీడీ అంటే అవతలి మోడెమ్ దొరికింది. ఎస్‌డీ, ఆర్‌డీ పంపేటప్పుడు, అందుకునేటప్పుడు మిణుకుతాయి. స్క్రీన్ మీద ఏ ఎర్రరు నంబరు వచ్చినా నేను ముందు చూసేది వీటినే. సీడీ వెలిగి, ఆ తర్వాత 691 వచ్చిందంటే లైను బాగానే ఉంది, యూజర్‌నేమో పాస్‌వర్డో తేడా. 678 అంటే అవతల ఎవరూ ఎత్తలేదు. అలాంటప్పుడు ఓ పావుగంట ఆగి చూడ్డమే మేలు, లేకపోతే అర్ధరాత్రి దాటాక కూర్చోవాలి. లైట్లు అసలు కదలకపోతే మోడెమ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి 'ఏటీ' అని కొట్టాలి. 'ఓకే' అని జవాబు వస్తే కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య అంతా సవ్యంగా ఉన్నట్టే, ఇక గోడ వైపు చూసుకోవచ్చు.

మన దగ్గర చాలామందిని ఏడిపించింది 680, అంటే డయల్ టోన్ లేదని. రిసీవరు ఎత్తి వింటే టోన్ నిక్షేపంలా వినిపిస్తుంది, మోడెమ్ మాత్రం లేదంటుంది. దాని తప్పేమీ లేదు. మన డయల్ టోన్ 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో కలిపినది, ఆ 'బుర్ర్' అనే చప్పుడు అందువల్లే. అమెరికా టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జంట. మోడెమ్‌ని అమెరికాకి సెట్ చేసి అమ్మితే అది మన టోన్‌ని గుర్తుపట్టదు. మందు తేలిక. విండోస్‌లో మోడెమ్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేయాలి, లేదా అడ్వాన్స్‌డ్‌లో ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ అనే గడిలో 'ఎక్స్3' అని రాయాలి. పాత ఎక్స్‌చేంజి ఉన్న ఊళ్ళలో టోన్ డయలింగ్ కాకుండా పల్స్ పెట్టాల్సి వచ్చేది. మాకు ఆ అవసరం పడలేదు.

అసలు విషయం ఫోన్ లైను. మాట్లాడుకోవడానికి బాగున్న లైను మోడెమ్‌కి బాగుంటుందని లేదు. ఈ విషయంలో లైన్‌మన్‌ని ఒప్పించడమే పెద్ద పని. "మాట శుభ్రంగా వినబడుతోంది కదండీ, ఇంకేం కంప్లైంటు?" అనేవాడు. ఒకసారి అతనికే వినిపించాను. రిసీవరు ఎత్తి ఏదో ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది, కొన్ని క్షణాలు లైను నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఏం వినిపిస్తుందో అదే మోడెమ్ వినేది. మా లైన్లో పొయ్యి మీద పోపు పడ్డట్టు చిటపటలు. అతను ఓ నిమిషం విని, ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి స్తంభం మీద ఇళ్ళ లైన్లు కలిసే డీపీ బాక్సు తెరిచాడు. లోపల స్క్రూలన్నీ పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో రాగి తీగకి అది మామూలే. తీగ కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాడు. ఆ సాయంత్రం తొలిసారి లైను తెగకుండా మొత్తం గైడు వెళ్ళింది. ఆ తర్వాత వర్షాకాలం వచ్చిన ప్రతిసారీ చిటపటలు తిరిగొచ్చేవి, అతనూ అడగ్గానే వచ్చేవాడు. "మీ ఇంటర్నెట్టుకి జలుబు చేసిందాండీ" అనడం అతనికి అలవాటైపోయింది.

చిటపటలు కాకుండా సన్నటి 'గుంయ్' మోత ఉంటే కారణం చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది. మా ఇంట్లో వెనక గదికి లాగిన ఎక్స్‌టెన్షన్ వైరు కరెంటు వైరుకి ఆనుకునే వెళ్ళేది, ట్యూబ్‌లైటు చోకు పక్కనుంచి కూడా. దాన్ని తీసేసి మోడెమ్‌ని నేరుగా, ఫోన్ లైను ఇంట్లోకి వచ్చే రోజెట్ బాక్సుకే తగిలిస్తే మోత పోయింది. ప్యారలల్‌గా ఉన్న రెండో ఫోను, కాలర్ ఐడీ డబ్బా కూడా విప్పి చూడాలి. వాటిలో ఒకటి పాడైనా చాలు, వేగం దిగజారిపోతుంది. ప్యారలల్ ఫోను తీసేయడంలో ఇంకో లాభం, వంటింట్లోంచి ఎవరూ రిసీవరు ఎత్తలేరు. ఇంట్లో ఈ ఒక్క విషయం మీద జరిగిన గొడవల గురించి రాస్తే వేరే సమీక్ష అవుతుంది.

లైను బాగుపడ్డాక కూడా వీ.90లో 45,000 పైన కలిసినప్పుడల్లా పావుగంటలో తెగేది. స్పీకరులో వినిపించే చప్పుళ్ళు గమనిస్తే ఇది ముందే తెలుస్తుంది. అవతలి మోడెమ్ ఎత్తగానే 2,100 హెర్ట్జ్ సన్నటి కూత వస్తుంది, ఆ కూతతోనే లైన్లో ప్రతిధ్వనిని అణిచే పరికరాలు పక్కకి తప్పుకుంటాయి. తర్వాత రెండుసార్లు 'డొంయ్' మని, ఆపైన 'హుస్స్' మని బుసలు. ఆ బుస మధ్యలో ఆగి మళ్ళీ మొదలైతే రెండూ ఒక వేగం మీద ఒప్పుకోలేకపోతున్నాయని అర్థం. నేను ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ప్లస్ ఎంఎస్ ఆదేశం రాసి మోడెమ్‌ని అంతకుముందు తరం ప్రమాణమైన వీ.34కే కట్టేసి, 28,800 దాటనివ్వలేదు. మా పక్కింటి కుర్రాడు చూసి, "56కె కొని ఇలా వాడతారేంటి అంకుల్?" అన్నాడు. వాడు రోజుకి పదిసార్లు డయల్ చేసేవాడు. తెగిన ప్రతిసారీ మళ్ళీ కొత్త కాల్ పడుతుందని బిల్లు వచ్చాక వాళ్ళ నాన్నగారే చెప్పారట.

వేగం గురించి ఒక చిన్న సంగతి. స్క్రీన్ కింద మూల రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ మీద మౌస్ పెడితే 115,200 అని కనిపించి కొందరు మురిసిపోయేవారు. అది కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య సీరియల్ పోర్టు వేగం, లైను వేగం కాదు. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో 'డబ్ల్యూ2' కలిపితే అసలు అంకె కనిపిస్తుంది.

కాల్ వెయిటింగ్ ఉన్నవాళ్ళకి మధ్యలో వచ్చే బీప్‌కే లైను తెగుతుంది. ఆ సౌకర్యం తీయించుకోవడం ఉత్తమం. ఇష్టం లేకపోతే ఎస్10 అనే రిజిస్టరు విలువ పెంచి చూడొచ్చు. అవతలి శబ్దం ఆగిపోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో మోడెమ్‌కి చెప్పేది అదే, లెక్క సెకనులో పదో వంతుల్లో. 50 పెడితే 5 సెకన్లు ఆగుతుంది. మెయిల్ వైపు నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో పెద్ద మెయిల్‌ని ముక్కలు చేసి పంపే సెట్టింగ్. అవతలివాళ్ళు ఆ ముక్కల్ని కలుపుకోవాలి. విజయవాడలో ఆపరేటరుకి ఇది ఫోన్లో నేర్పడానికి ఓ పూట పట్టింది గానీ, తర్వాత లైను తెగినా పోయేది ఒక్క ముక్కే.

ఉరుములు మొదలైతే మాత్రం ఈ మోడెమ్‌ని నమ్మకూడదు, ఏ మోడెమ్‌నీ నమ్మకూడదు. అడాప్టరు ఒక్కటే తీస్తే సరిపోదు, ఫోన్ వైరు తప్పనిసరిగా పీకాలి. పిడుగు దెబ్బ ఎక్కువగా వచ్చేది ఆ దారినే. మా వీధిలో ఒకరికి ఇంటర్నల్ కార్డుతో పాటు మదర్‌బోర్డు కూడా పోయింది. ఎక్స్‌టర్నల్ అయితే డబ్బా పోయినా కంప్యూటర్ మిగిలే అవకాశం ఎక్కువ.

రాత్రిపూట స్పీకరు గోల వద్దనుకుంటే దాన్ని ఆపడానికి 'ఎం0' ఆదేశం ఉంది. నేను వాల్యూం తగ్గించానే గానీ పూర్తిగా ఎప్పుడూ ఆపలేదు, ఆ చప్పుడు లేకపోతే సగం సమాచారం పోయినట్టే. అయిదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటి వేడికీ, అడాప్టరుకీ. ఈ అడాప్టరు 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. బజారులో దొరికేవి దాదాపు అన్నీ డీసీ, వాటితో ఈ మోడెమ్ వెలగదు. పాత కంప్యూటర్లు పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు ఇప్పుడు ఇలాంటిది కొంటే అడాప్టరు కూడా ఉందో లేదో, దాని మీద ఏసీ అనుందో డీసీ అనుందో ముందు చూసుకోండి. సీరియల్ పోర్టు లేని కంప్యూటరుకి యూఎస్‌బీ కన్వర్టర్ సరిపోతుంది. రెండు మోడెమ్‌లు దొరికితే ఫోన్ లైను కూడా అక్కర్లేదు. వాటిని మామూలు ఫోన్ వైరుతో ఒకదానికొకటి కలిపి, ఒకదాంట్లో 'ఏటీఎక్స్3డీ' (టోన్ కోసం ఆగకుండా డయల్ చెయ్యి) అని, రెండోదాంట్లో 'ఏటీఏ' (ఫోను ఎత్తు) అని కొట్టండి. చాలా మోడెమ్‌లు అలాగే కలుస్తాయి, చప్పుళ్ళతో సహా.