బర్డ్‌లో ఇచ్చిన కాలు: ఒక టైలర్ అనుభవం

నేను తిరుపతిలో టైలర్‌ని. షుగర్ పుండు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన కృత్రిమ కాలితో నడుస్తున్నాను. కొత్తగా కాలు పెట్టించుకోబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు బయట ఒక షాపులో డబ్బు పోసి చేయించుకున్నాను. చూడ్డానికి అచ్చం కాలులాగే ఉండేది. సాకెట్టే, అంటే మిగిలిన కాలు దూర్చుకునే గిన్నెలాంటి భాగమే, కుదర్లేదు. మోకాలి కింద బయటివైపు ఒక చిన్న ఎముక తేలి ఉంటుంది. అక్కడ ఒరుసుకుని సాయంత్రానికి చర్మం కమిలిపోయేది. చెబితే "అలవాటైపోతుందిలే" అన్నారు. షుగర్ ఉన్నవాళ్లతో అనాల్సిన మాటేనా అది? స్పర్శ తక్కువ కాబట్టి నొప్పి తెలిసేలోపే పుండు పడుతుంది.

బర్డ్‌లో మొదట ఆ ఎముక దగ్గరే వేలు పెట్టి చూశారు. పిఓపి (ప్లాస్టర్) కట్టు చుట్టి అచ్చు తీశారు. బరువు ఎక్కువగా మోకాలిచిప్ప కిందుండే గట్టి స్నాయువు (టెండన్) మీద పడేలా చేసి, ఎముక తేలినచోట కాస్త ఖాళీ వదిలారు. జాకెట్టుకు చంక కింద లూజు వదిలినట్టే! కాసేపు నడిపించి, విప్పించి, ఎర్రబడ్డ చోట గుర్తు పెట్టి మళ్లీ సరిచేశారు. ఆ ఓపిక చూసి నాకు కళ్లు చెమర్చాయి.

పాదం సంగతి కూడా చెప్పాలి. షాపువాళ్ల పాదం బూటు మడమ ఎత్తుకు తగ్గట్టు చేసింది. గోవిందరాజస్వామి గుడి దగ్గర చెప్పులు విప్పగానే మడమ కిందికి దిగి ఒళ్లు వెనక్కి తూలేది. మన ఊళ్లో చెప్పులు విప్పని రోజుంటుందా? 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి జైపూర్ పాదం చేసింది ఈ ఇబ్బంది చూసే. ఉత్త కాళ్లతో నడవాలి, గొంతుక్కూర్చోవాలి, పొలం పని చేసుకోవాలి. బర్డ్‌లో ఈ మాట చెబితే నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టే అలైన్‌మెంట్ (కాలు, పాదం సరైన వరసలో ఉన్నాయా అని) చూశారు. మీరు ఎక్కడ చేయించుకున్నా ఈ మాట ముందే అడగండి.

మిషన్‌కు మోటారు పెట్టించి, పెడల్ ఎడమకాలితో నొక్కుతున్నా. కుడి పాదానికి ఎంత నొక్కుతున్నామో తెలియదు కదా.

మొదటి ఏడాది, తీసేయగా మిగిలిన కాలి భాగం సన్నబడుతూనే ఉంటుంది. సాకెట్ వదులైతే ఇంకో కాటన్ సాక్సు వేసుకోండి. అప్పటికీ ఆడుతుంటే సాకెట్ మార్పించుకోవాల్సిందే. సాక్సు రోజూ ఉతకండి. రాత్రి కాలు విప్పాక వెనకవైపు అద్దం పెట్టి చూసుకోండి. ఎర్రదనం తగ్గకపోతే మర్నాడు కాలు తొడగకుండా చూపించుకోండి.