డబ్ల్యూఎంఐతో రిమోట్ ప్రాసెస్‌ల నిర్వహణ: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

విండోస్ సర్వర్లలో ఏ ప్రోగ్రాం నడుస్తోంది, ఏది ఆగిపోయింది, ఏది మెమరీ తినేస్తోంది అని కూర్చున్న చోటి నుంచే కోడ్‌తో చూసుకోవడానికి నా ఓటు ఇప్పటికీ డబ్ల్యూఎంఐ (మెషీన్ల సమాచారం చూడటానికి, వాటిని నిర్వహించడానికి విండోస్‌లోనే ఉన్న ఏర్పాటు)లోని విన్32_ప్రాసెస్ క్లాస్‌కే. నడుస్తున్న ప్రోగ్రాంనే ప్రాసెస్ అంటారు. కొన్నేళ్లుగా సీ షార్ప్ భాష నుంచి, విండోస్ కమాండ్ సాధనం పవర్‌షెల్ నుంచి దీన్నే వాడుతున్నాను. సమాచారం చూపించడంలో దీనికి వంక పెట్టడానికి లేదు. ప్రాసెస్‌లను ఆపడానికి, మొదలుపెట్టడానికి కూడా పనికొస్తుంది. కాకపోతే అది "అయింది" అన్నాక నిజంగా అయిందో లేదో మళ్లీ చూసే కోడ్ మనమే రాసుకోవాలి.

సీ షార్ప్‌తో వాడే డాట్‌నెట్ లైబ్రరీలో ప్రాసెస్ అనే క్లాస్ ఉంది కదా, అది చాలదా అని చాలామంది అడుగుతారు. గెట్‌ప్రాసెసెస్‌కి అవతలి మెషీన్ పేరు ఇస్తే జాబితా వస్తుంది, నిజమే. కానీ అక్కడితో సరి. రిమోట్ ప్రాసెస్ మీద కిల్ (ఆపేయమని) అంటే ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతుంది, స్టార్ట్ టైమ్ అడిగినా అంతే. పవర్‌షెల్ 6 నుంచి గెట్-ప్రాసెస్ కమాండ్‌లో అవతలి మెషీన్ పేరు ఇచ్చే కంప్యూటర్‌నేమ్ ఆప్షన్‌నే తీసేశారు. కాబట్టి చూడటమే కాక ఏదైనా చేయాలి కూడా అంటే ఆ దారి వదిలేయడం మంచిది.

విన్32_ప్రాసెస్‌లో నాకు బాగా నచ్చింది కమాండ్‌లైన్ ప్రాపర్టీ, అంటే ప్రాసెస్‌ను మొదలుపెట్టిన పూర్తి ఆదేశం. ఒకే సర్వర్‌లో ఒకే ఎక్జిక్యూటబుల్ పేరుతో నాలుగైదు జావా ప్రోగ్రాంలు నడుస్తుంటే ఏది ఎవరిదో పేరును బట్టి తెలియదు. కమాండ్‌లైన్ చూస్తే ఏ కాన్ఫిగ్ ఫైల్‌తో మొదలైందో తెలిసిపోతుంది. తగిన హక్కులు లేని అకౌంట్‌తో అడిగితే మాత్రం ఎర్రర్ ఏమీ రాదు, ఆ గడి ఖాళీగా వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. క్వెరీ రాసేటప్పుడు అన్ని కాలమ్‌లూ లాగకుండా కావలసిన నాలుగింటినే అడగండి, వేర్ క్లాజ్‌తో వడకట్టడం అవతలి మెషీన్‌లోనే జరిగిపోనివ్వండి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నచోట తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాసెస్ ఏ యూజర్‌దో చెప్పే గెట్‌ఓనర్‌ను ప్రతి ప్రాసెస్‌కూ విడిగా పిలవాలి కాబట్టి, జాబితా మొత్తానికి దాన్ని నడిపితే బాగా ఆలస్యమవుతుంది.

సీపీయూ శాతం ఈ క్లాస్‌లో నేరుగా ఉండదు. ప్రాసెస్ వాడుకున్న సీపీయూ సమయం కెర్నల్‌మోడ్‌టైమ్, యూజర్‌మోడ్‌టైమ్ అని రెండు అంకెలుగా, 100 నానోసెకన్ల లెక్కలో వస్తుంది. ఆ రెండింటి మొత్తాన్ని కాస్త వ్యవధితో రెండుసార్లు తీసి, తేడాను గడిచిన సమయంతోను, కోర్ల సంఖ్యతోను భాగించాలి. నేను ఈ లెక్కనే వాడతాను, ఫలితాలు నమ్మదగ్గవే.

ఇక ఆపడం సంగతి. ఇదే అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన చోటు. ప్రాసెస్ ఐడీ, అంటే ప్రతి ప్రాసెస్‌కూ విండోస్ ఇచ్చే నంబరు, శాశ్వతం కాదు. ఒక ప్రాసెస్ ముగియగానే అదే నంబరును విండోస్ మరో ప్రాసెస్‌కి ఇచ్చేయవచ్చు. మనం జాబితా తీసుకున్నాక టెర్మినేట్ (ఆపే ఆదేశం) పంపేలోపు అలా జరిగితే పోయేది వేరే వాళ్ల ప్రోగ్రాం. అందుకని నేను ఐడీతో పాటు, ప్రాసెస్ మొదలైన సమయం చెప్పే క్రియేషన్‌డేట్‌ను కూడా దాచుకుంటాను. ఆపే ముందు మళ్లీ అడిగి, రెండూ కలిస్తేనే టెర్మినేట్ పంపుతాను. ప్రాసెస్‌ను పుట్టించిన ప్రాసెస్ నంబరు చెప్పే పేరెంట్‌ప్రాసెస్‌ఐడీకీ ఇదే చిక్కు: ఆ పేరెంట్ ఎప్పుడో ముగిసిపోయి, ఆ నంబరు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. పైగా టెర్మినేట్ చేస్తే పిల్ల ప్రాసెస్‌లు పోవు. వాటిని మనమే వెతికి ఒక్కొక్కటిగా ఆపాలి. వేరే యూజర్ మొదలుపెట్టిన దాన్ని ఆపాలంటే కనెక్షన్ ఆప్షన్లలో ప్రివిలేజ్‌లు (ప్రత్యేక హక్కులు) ఎనేబుల్ చేయడం మరచిపోవద్దు. లేకపోతే అడ్మిన్ అకౌంట్‌తో వెళ్లినా జవాబు 2, అంటే యాక్సెస్ లేదు అని రావచ్చు.

మొదలుపెట్టడంలో క్రియేట్ మెథడ్‌కి నా మార్కులు కాస్త తక్కువే. 0 వచ్చిందంటే ప్రాసెస్ పుట్టిందని మాత్రమే అర్థం. అది మరుక్షణం కుప్పకూలినా ఆ 0 మారదు. ప్రోగ్రాం స్క్రీన్ మీద రాసే అవుట్‌పుట్ మనకు రాదు, కాబట్టి దాన్ని ఫైల్‌లోకి మళ్లించి తర్వాత చదువుకోవాలి. విండో ఉన్న ప్రోగ్రాంను ఇలా నడిపితే అక్కడ లాగిన్ అయి ఉన్న మనిషికి ఏమీ కనబడదు. అయితే దీనికి ఒక పెద్ద మేలు ఉంది. పవర్‌షెల్ రిమోట్ సెషన్‌లోంచి మొదలుపెట్టిన ప్రాసెస్ ఆ సెషన్ మూసేయగానే పోతుంది. క్రియేట్‌తో మొదలైనది మన కనెక్షన్ తెగినా నడుస్తూనే ఉంటుంది. రాత్రంతా నడిచే బ్యాచ్ పనులకు నేను దీన్ని వదలకపోవడానికి అదే కారణం.

అసలు టెన్షన్ అంతా నెట్‌వర్క్ దగ్గరే. పాత పద్ధతిలో డబ్ల్యూఎంఐ డీకామ్ (మెషీన్ల మధ్య ప్రోగ్రాంలు మాట్లాడుకునే మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి) మీద నడుస్తుంది. 135 పోర్టు తెరిస్తే చాలదు, ఆ తర్వాత 49152 నుంచి 65535 దాకా ఏ పోర్టయినా అడగవచ్చు. ఆ మాట చెబితే ఫైర్‌వాల్ చూసేవాళ్లు ఒప్పుకోరు, వాళ్లదీ న్యాయమే. 2012లో పవర్‌షెల్ 3.0తో వచ్చిన సిమ్ (సీఐఎం) కమాండ్లు, అంటే డబ్ల్యూఎంఐని అడిగే కొత్త కమాండ్లు, విన్‌ఆర్‌ఎం (విండోస్ రిమోట్ మేనేజ్‌మెంట్) మీద వెళ్తాయి. 5985 ఒక్కటి చాలు, హెచ్‌టీటీపీఎస్ కావాలంటే 5986. అదే విన్32_ప్రాసెస్, అవే ప్రాపర్టీలు, దారి మాత్రం వేరు. తేదీలు కూడా పాత లైబ్రరీలోలా పొడవాటి అక్షరాల వరుసగా కాకుండా సరైన తేదీ రకంగానే వస్తాయి. ఇప్పుడు కొత్తగా రాసే కోడ్ అంతా నేను ఇలాగే రాస్తున్నాను.

డీకామ్‌లోనే ఉండాల్సి వస్తే రెండు ఎర్రర్లను విడివిడిగా పట్టుకోండి. 0x800706BA అంటే మెషీన్ దాకా చేరలేదు: అది ఆగి ఉండొచ్చు, పేరు తప్పు కావచ్చు, ఫైర్‌వాల్ అడ్డుకొని ఉండొచ్చు. 0x80070005 అంటే చేరాం కానీ హక్కు లేదు. రెండింటినీ కలిపి "కనెక్ట్ కాలేదు" అని లాగ్‌లో రాసేస్తే తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న మనిషి ఎవరికి ఫోన్ చేయాలో తెలియక అవస్థ పడతారు.

ప్రాసెస్ పుట్టినప్పుడు, పోయినప్పుడు కబురు పంపే ఈవెంట్లు కూడా ఉన్నాయి. ఒకే మెషీన్‌లో బాగానే పనిచేస్తాయి. రిమోట్‌లో కనెక్షన్ తెగితే ఈ లోపల జరిగినవి మనకు అందవు కాబట్టి, నేను వాటిని పక్కనపెట్టి నిమిషానికోసారి క్వెరీ నడుపుతున్నాను.

లైనక్స్ సర్వర్లు కూడా కలిసి ఉన్నవాళ్లకు నేను దీన్ని సూచించను. ఎస్‌ఎస్‌హెచ్ (అవతలి మెషీన్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి)తో వెళ్తే రెండు వైపులా ఒకే కోడ్‌తో కనెక్ట్ కావచ్చు. అన్నీ విండోస్ మెషీన్లే, అన్నీ ఒకే డొమైన్‌లో (ఒకే చోట అకౌంట్లను నిర్వహించే విండోస్ మెషీన్ల సమూహంలో) ఉన్నాయి అంటే మాత్రం విన్‌ఆర్‌ఎం మీద విన్32_ప్రాసెస్ ధైర్యంగా తీసుకోవచ్చు. 5కి 4 ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ క్రియేట్ కోసమే.