పీ/జే పికప్ సెట్ కొంటున్నారా? వైరు కత్తిరించే ముందు ఇది చదవండి

బేస్ గిటార్‌కి పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలు) మార్చుకుందామనుకునేవాళ్ళు కాస్త ఆగండి. పీ అంటే ప్రెసిషన్ బేస్ తరహా పికప్, జే అంటే జాజ్ బేస్ తరహా పికప్, పీ/జే అంటే ఒకే బేస్‌లో ఆ రెండూ. ‘పీ/జే మ్యాచ్‌డ్ సెట్, ఆల్నికో 5, హై అవుట్‌పుట్, జే పికప్ రివర్స్ వౌండ్ కాబట్టి హమ్ ఉండదు’ అన్న వివరణ (ఆల్నికో అంటే ఒక రకం అయస్కాంత లోహం, రివర్స్ వౌండ్ అంటే కాయిల్ ఎదురు దిశలో చుట్టినది) నమ్మి డబ్బు కట్టినవాళ్ళకి బిగించాక ఎదురయ్యే తలనొప్పులు ముఖ్యంగా మూడు. జే వాల్యూమ్ ఒక్కటే తెరిస్తే గుయ్‌మంటుంది, హమ్ అంటే ఈ రొదే. రెండూ కలిపి తెరిస్తే బేస్‌లో ఉండాల్సిన బరువే మాయమవుతుంది. లేదా పీ ముందు జే ఉన్నట్టే తెలియదు. చాలాసార్లు ఇది పికప్ పాడై కాదు. విడిగా చూస్తే రెండూ మంచివే, జత కుదరలేదు. పెట్టె మీద ‘మ్యాచ్‌డ్’ అని అచ్చు వేసినంత మాత్రాన జత కుదిరిపోదు. సంగతి తెలిసేసరికి వైర్లు కత్తిరించి, టంకం పెట్టేసి ఉంటారు. అలాంటి సరుకును అమ్మినవాడు సాధారణంగా వెనక్కి తీసుకోడు.

ముందు ఆ ‘హమ్ ఉండదు’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ రివర్స్ వౌండ్ లెక్క జాజ్ బేస్‌ది. 1960లో వచ్చిన ఆ బేస్‌లో ఉండేవి రెండు సింగిల్ కాయిల్ (ఒకే రాగి తీగ చుట్ట ఉన్న) పికప్‌లు. కాయిల్ చుట్టిన దిశ, అయస్కాంత ధ్రువం ఈ రెండూ ఒక పికప్‌లో రెండోదానికి ఎదురుగా ఉంటే, రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిచినప్పుడు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల శబ్దం మాత్రం కలిసి వస్తుంది. ప్రెసిషన్ బేస్‌కి 1957లో పెట్టిన రెండు ముక్కల పికప్‌లో ఈ ఏర్పాటు లోపలే ఉంది. ఈ (E), ఏ (A) తీగల కింది ముక్క ఒక వైపు, డీ (D), జీ (G) తీగల కింది ముక్క దానికి ఎదురు వైపు. అంటే పీ తన హమ్‌ని తనే మింగేస్తుంది. దాని పక్కన చేరిన జేకి కొట్టేసుకోవడానికి ఎదురు హమ్ ఎక్కడిది? జేని ఎటు చుట్టినా దాని హమ్ దానిదే. రెండూ తెరిచినప్పుడు పీ కాయిల్ భారం వల్ల కొంత తగ్గినట్టు వినిపిస్తుంది కానీ పోదు.

పీ/జేలో నిజంగా నిశ్శబ్దం కావాలంటే జే కవరు లోపలే రెండు కాయిల్స్ ఉండాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టాక్‌డ్ రకం కావచ్చు, పీ లాగా పక్కపక్కన రెండుగా చీల్చిన స్ప్లిట్ కాయిల్ రకం కావచ్చు. అమ్మేవాడిని ‘హమ్ క్యాన్సిలింగా?’ అని అడగకండి, అవుననే అంటాడు. ‘ఈ జే కవరులో కాయిల్స్ ఎన్ని?’ అని అడగండి. ఒకటే అయితే వివరణలో ఏం రాసినా హమ్ వస్తుంది.

విడివిడిగా రెండు జే పికప్‌లు కొనేవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. చుట్టు దిశ, ధ్రువం కలిస్తే నాలుగు రకాల ఫలితాలు వస్తాయి గానీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: వైర్లు తారుమారు చేసి ఫేజ్ (రెండు పికప్‌ల సంకేతాలు ఒకే దిశలో కదలడం) సరిచేయొచ్చు, ధ్రువాన్ని మాత్రం మార్చలేం. రెండు పికప్‌ల పైభాగాల ధ్రువాలు ఎదురెదురైతే, ఫేజ్ తప్పినా ఒక పికప్ వైర్లు రెండూ అటు ఇటు చేస్తే చాలు, శబ్దం నిండుగా వస్తుంది, హమ్ కూడా పోతుంది. రెండు ధ్రువాలూ ఒకటే అయితే మీకు మిగిలేది రెండు దారులు: నిండు శబ్దంతో హమ్, లేదా హమ్ లేకుండా పీలగా బోలుగా వచ్చే శబ్దం. మూడో దారి టంకంతో రాదు. అందుకే బేస్‌లో ఇప్పటికే ఉన్న నెక్ (మెడ వైపు) పికప్‌కి జతగా ఒక్క బ్రిడ్జి (తీగలు బిగించిన చివరి వైపు) పికప్ కొనేటప్పుడు ముందు పాతదాని ధ్రువం చూసుకుని, దానికి ఎదురు ధ్రువం ఉన్నది అడిగి తీసుకోండి.

ధ్రువం తెలుసుకోవడం నిమిషం పని. రెండు పికప్‌ల ముఖాలు ఎదురెదురుగా పట్టుకుని మెల్లగా దగ్గరికి తీసుకురండి. లాక్కుంటే ధ్రువాలు ఎదురెదురు, అంటే జాజ్ జతకి సరిపోయినట్టే. తోసుకుంటే రెండూ ఒకటే ధ్రువం. గట్టిగా పట్టుకోండి, ఠపీమని అతుక్కుంటే కవరో, పోలో (తీగ కింద ఉండే లోహపు కడ్డీ) చిట్లుతుంది. పికప్ బేస్‌లోంచి తీయలేని పరిస్థితి ఉంటే దిక్సూచి వాడండి. కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే చూడాలి, మరీ ఆనిస్తే దిక్సూచి ముల్లు ధ్రువమే తిరగబడొచ్చు. పీ రెండు ముక్కలూ కూడా ఇలాగే ఒకదాన్నొకటి లాక్కోవాలి. తోసుకున్నాయంటే ఆ సెట్ తయారీలోనే తేడా ఉన్నట్టు, తిప్పి పంపేయండి.

ఫేజ్ చూడడానికి మల్టీమీటర్ చాలు. 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి, ఎరుపు ప్రోబ్ హాట్ (సంకేతం వచ్చే) వైరుకి, నలుపు గ్రౌండ్ వైరుకి తగిలించండి. అంకె నిలకడగా నిలిచాక ఒక ఇనుప స్క్రూ డ్రైవర్‌ని పోల్స్ మీద ఆనించి ఒక్కసారిగా పైకి లాగండి. ఆ క్షణంలో అంకె పైకో కిందికో దూకుతుంది. ఎంత దూకిందన్నది ముఖ్యం కాదు, ఎటు దూకిందన్నదే చూడాలి. పీ మొదటి ముక్క, రెండో ముక్క, జే అన్నీ ఒకే వైపు దూకాలి. ఒకటి ఎదురు దూకితే ఆ పికప్ వైర్లు రెండూ అటు ఇటు చేయాలి. ఆటో రేంజ్ మీటర్లలో అంకె గెంతులు గందరగోళంగా ఉంటాయి కాబట్టి రేంజ్ చేత్తో పెట్టుకునే చవక మీటరే ఈ పనికి మెరుగు. ఒకటికి మూడుసార్లు చేసి చూడండి.

వైర్లు తారుమారు చేయడంలో ఒక మెలిక ఉంది. పికప్‌కి లోహపు కవరు గానీ, అడుగున లోహపు పలక గానీ, షీల్డ్ గానీ ఉండి అది గ్రౌండ్ వైరుకే కలిసి ఉంటే, వైర్లు మార్చగానే ఆ లోహమంతా హాట్ అయిపోతుంది. చెయ్యి తగిలితే బుర్రుమంటుంది. ముందు ఆ కలయికను తెంపి, లోహానికి వేరే గ్రౌండ్ వైరు వేయాలి. జడలా అల్లిన షీల్డ్‌లో ఒకే ఒక వైరు ఉన్న పాత తరహా పికప్‌లలో బయటి నుంచి మార్చే వీలే ఉండదు. అలాంటివి జతకి కొనకపోవడమే మంచిది.

రెండూ తెరిచినప్పుడు శబ్దం కొంచెం తగ్గితే కంగారుపడకండి. తీగ మీద రెండు చోట్ల నుంచి ఒకేసారి తీసుకుంటున్నాం కాబట్టి మధ్య స్థాయి స్వరాలు కొన్ని కొట్టుకుపోతాయి, అది ఈ జత సహజ గుణమే, చాలామంది కోరుకునేదీ అదే. ఫేజ్ తప్పడం వేరు. ఫ్రెట్ నొక్కని ఈ (E) తీగ సుమారు 41 హెర్ట్జ్, దాన్ని మీటినప్పుడు రెండూ తెరిచి ఉంటే ఫోన్ స్పీకర్‌లో విన్నట్టు డొల్లగా వస్తుంది, ఒక వాల్యూమ్ కాస్త తగ్గించగానే బరువు తిరిగొస్తుంది. తగ్గిస్తే శబ్దం పెరిగిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక ‘హై అవుట్‌పుట్, 14 కిలో ఓమ్‌లు’ అన్న అంకె. మామూలుగా పీ 10 నుంచి 11 కిలో ఓమ్‌లు, జే 7 నుంచి 8 చూపిస్తాయి. ఓమ్‌లు కొలిచేది తీగ చుట్టుకి అడ్డొచ్చే నిరోధాన్ని, అవుట్‌పుట్‌ని కాదు. 42 గేజ్ తీగ బదులు ఇంకా సన్నదైన 43 గేజ్ వాడితే అన్నే చుట్లకి ఓమ్‌లు నాలుగో వంతు దాకా ఎక్కువ చూపిస్తాయి, శబ్దం మాత్రం ఆ లెక్కన పెరగదు. అంకె పెంచడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. నిజంగానే చుట్లు పెంచి ఉంటే శబ్దం మందమవుతుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. ఏ రకంగా చూసినా పీ/జేలో హై అవుట్‌పుట్ పీ అనవసరం. బ్రిడ్జి దగ్గర తీగ ఊగేదే తక్కువ, పైగా అక్కడ ఉన్నది చిన్న కాయిల్. పీ ఇప్పటికే బలమైనది. దాన్ని ఇంకా బలంగా కొంటే జే అలంకారానికే మిగులుతుంది. మామూలు పీ, కాస్త ఎక్కువ చుట్లున్న జే తీసుకుంటే జత నిలబడుతుంది.

ఆ తర్వాత సరిచేయాల్సింది ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, తీగ అడుగు నుంచి పోల్ పైకి కొలవండి. పీ దగ్గర ఈ (E) తీగకి 3 మి.మీ. పైన, జీ తీగకి 2.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, జేని పైకి తెచ్చే ముందు పీనే కిందికి దించండి. జేని తీగలకి ఆనేంత దగ్గరగా లేపితే అయస్కాంతం తీగని లాగుతుంది, 12వ ఫ్రెట్ పైన ఈ (E) తీగ మీద స్వరం రెండుగా చీలినట్టు వణుకుతుంది. శ్రుతి ఎన్నిసార్లు సరిచేసినా కుదరక బ్రిడ్జిని తిట్టుకుంటారు, అసలు దోషి ఇది.

సైజు విషయంలో మోసం కంటే అజాగ్రత్తే ఎక్కువ. జే పికప్‌లు రెండు పొడవుల్లో వస్తాయి: నెక్‌ది సుమారు 92 మి.మీ., బ్రిడ్జిది సుమారు 95 మి.మీ. కొన్ని బేస్‌లలో రెండు పికప్ గుంతలూ పొట్టివే ఉంటాయి, అప్పుడు ‘స్టాండర్డ్’ బ్రిడ్జి పికప్ దూరదు, చెక్క చెక్కాల్సి వస్తుంది. సోప్‌బార్‌లదీ (సబ్బు బిళ్ళలా ఉండే పికప్‌లు) ఇదే గొడవ. ఈఎంజీ కంపెనీ కొలతల్లో 35 అంటే సుమారు 89 మి.మీ. పొడవు, 40 అంటే 102, 45 అంటే 114, వెడల్పు అన్నిటికీ 38. ‘అయిదు తీగలకి సరిపోతుంది’ అన్న మాట నమ్మకుండా గుంత కొలిచి, ఆ పికప్ చోట బయటి తీగల మధ్య దూరం కూడా కొలవండి. పోల్స్ కనపడే రకమైతే ఈ కొలత తప్పితే అంచు తీగ నీరసంగా వినిపిస్తుంది.

యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌నీ పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని) పికప్‌నీ కలిపి అమ్మే సెట్లు అసలు కొనకండి. ఈఎంజీ తరహా యాక్టివ్ పికప్ లోపలే ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) ఉంటుంది, దానికి 25 కిలో ఓమ్‌ల పాట్లు (వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే మారే నిరోధకాలు) కావాలి. పాసివ్‌కి కావాల్సింది 250 కిలో. 25 కిలో పెడితే పాసివ్ మూగబోతుంది, 250 పెడితే యాక్టివ్ వాల్యూమ్ నాబ్ మెల్లగా తగ్గే బదులు స్విచ్ లాగా ఉన్నట్టుండి మూసుకుంటుంది. రెండూ నేరుగా కలిపితే యాక్టివ్ తక్కువ ఇంపెడెన్స్ (సంకేతానికి అడ్డొచ్చే నిరోధం) పాసివ్‌ని నొక్కేస్తుంది. కలిపే తీరాలంటే పాసివ్‌కి విడిగా బఫర్ ఉన్న బ్లెండ్ ప్రీయాంప్ పెట్టాలి, ఆ ఖర్చు ముందే కలుపుకుని చూడండి.

జేకి తోడు మ్యూజిక్ మ్యాన్ కంపెనీ తరహా హంబకర్ (హమ్ కొట్టేసే రెండు కాయిల్స్ పికప్) పెట్టేవాళ్ళు రెండు సంగతులు చూడాలి. 1976లో ఆ కంపెనీ తెచ్చిన స్టింగ్‌రే బేస్‌లో ఆ రెండు కాయిల్స్ ప్యారలల్‌లో (పక్కపక్కన కలిపి) ఉంటాయి, వెనక యాక్టివ్ ప్రీయాంప్ ఉంటుంది. అదే ఆకారపు పికప్‌ని సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపి పాసివ్ బేస్‌లో పెడితే ఆ మెరుపు రాదు, జేని కూడా మింగేస్తుంది. నాలుగు వైర్లు బయటికి ఉన్నదే కొని ప్యారలల్‌లో కలపండి. రంగులు మాత్రం కంపెనీని బట్టి మారతాయి. సేమూర్ డంకన్‌లో హాట్ నలుపు, డిమార్జియోలో హాట్ ఎరుపు. ఒకరి పటం చూసి ఇంకొకరి వైర్లు కలిపితే సగం కాయిల్ చచ్చిపోవడమో, శబ్దం పీలగా మారడమో ఖాయం.

ఆల్నికో అని చెప్పి సెరామిక్ ఇచ్చారేమో చూడాలంటే పికప్ తిరగేయండి. అడుగున అడ్డంగా నల్లటి పట్టీ అయస్కాంతం అతికించి ఉండి, పోల్స్ మామూలు ఇనుపవైతే అది దాదాపుగా సెరామికే. సెరామిక్ చెడ్డది కాదు, కాకపోతే చెప్పిన సరుకు కాదు. అసలు ఆల్నికో రకంలో ఒక్కో పోల్ తనే కడ్డీ అయస్కాంతం. అది నిజమో కాదో చూద్దామని కడ్డీని నెట్టి కదిలించొద్దు, పాత తరహావాటిలో సన్న తీగని దాని మీదే నేరుగా చుడతారు, కదిలితే తెగుతుంది.

పార్సిల్ రాగానే చేయాల్సిన వరుస ఇదీ. విప్పుతూ వీడియో తీయండి. పొడవు కొలవండి. ధ్రువం, ఓమ్‌లు, స్క్రూ డ్రైవర్ పరీక్ష చూసి అంకెలు రాసుకోండి. అనంతం అని చూపిస్తే లోపల తీగ తెగినట్టే. తర్వాత వైర్లు కత్తిరించకుండా, పాత టంకం ఊడదీయకుండా, మొసలి క్లిప్పులతో ఒక విడి జాక్‌కి కలిపి, పికప్‌లని గుంతల్లో వదులుగా కూర్చోబెట్టి వాయించండి. ముందు పీ ఒక్కటే, తర్వాత జే ఒక్కటే, తర్వాత రెండూ. ఈ పరీక్షలో విడి వైర్ల వల్ల వచ్చే హమ్‌ని లెక్కలోకి తీసుకోకండి, ఫేజూ బలాబలాలూ మాత్రమే వినండి. రెండు రోజులు ఇలాగే ఉంచండి. తిప్పి పంపే గడువు ఎన్నాళ్ళో, పొడవాటి వైర్లు యథాతథంగా ఉంటేనే తీసుకుంటారో లేదో అమ్మినవాడితో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.